వోల్టులు కాదు, ఓములు అడగండి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవ కమిటీ వాళ్లు ఫోన్ చేసి, ‘నువ్వు ఇంజనీరువి కదా, కృత్రిమ మేధ గురించి ఒక పావుగంట మాట్లాడు’ అన్నారు. ‘దాని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఇగ్నిషన్ కాయిల్ గురించి మాట్లాడతాను’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘పాత అంబాసిడర్లలో ఉండేది, అదేనా?’ అని అడిగారు. అదే. అఫ్జల్‌గంజ్‌లో చదువుకున్నవాడు మోటారు సామాను గురించి మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు చెప్పండి.

ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ఈ గంజ్ మొదట ధాన్యం వ్యాపారుల చోటు. మోటారు సామాను తర్వాత వచ్చింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. పక్కనే గౌలిగూడలో ఆ పెద్ద ఇనుప రేకుల షెడ్డు, మనం మిసిసిపీ హ్యాంగర్ అని చెప్పుకునేది, బస్సులకు ఇల్లయింది. బస్సులున్న చోటికి మిస్త్రీలు, మిస్త్రీలున్న చోటికి దుకాణాలు వస్తాయి కదా. ఇది చరిత్రకారులు చెప్పిన మాట కాదు, నా ఊహ. ఆ షెడ్డు 2018 జూలై 5న కూలిపోయింది. దుకాణాలు మాత్రం గౌలిగూడ చమన్ నుంచి పుత్లీబౌలి దాకా ఇంకా ఉన్నాయి. మనం బడి వదిలాక ఫుట్‌పాత్ మీద కూర్చున్న మిస్త్రీలు పాయింట్లను ఆకురాయితో రుద్దుతుంటే నిలబడి చూసిన గల్లీలే అవన్నీ.

ఇక విషయంలోకి వస్తాను. మా బ్యాచికి భౌతికశాస్త్రం చెప్పిన సారు ముందు వరసలోనే ఉన్నారు. నేను చెప్పబోయే కారు ఆయనదే. చెప్పడానికి అనుమతి ఇచ్చారు గాని తన పేరు చెప్పొద్దన్నారు, కారు నంబరు అసలే చెప్పొద్దన్నారు. 1972 మోడల్ మార్క్ 2 అంబాసిడర్ అని చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు.

మొన్న మార్చిలో ఆ కారు ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు బాగా నడుస్తుంది. తర్వాత రెండుసార్లు తుమ్మి ఆగిపోతుంది. అరగంట పక్కన పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ బయలుదేరుతుంది. మిస్త్రీ బానెట్ ఎత్తి, కాయిల్ మీద చెయ్యి పెట్టి, ‘కాయిల్ గరం హోగయా సాబ్’ అన్నాడు. కొత్త కాయిల్ పడింది. రెండు వారాలకు మళ్లీ అదే కథ. ఇంకో కాయిల్. ఏప్రిల్ ఆఖరుకు మూడోది. ఈసారి పాయింట్లు కూడా నల్లగా మాడిపోయాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మగారిని కంటి పరీక్షకు తీసుకెళ్తుంటే కారు నయాపూల్ మీద సరిగ్గా మధ్యలో ఆగింది. కంటికి ఆపరేషన్ అయి వారమే. ఎండ, వెనకాల హారన్లు, కింద మూసీ. ఆవిడను ఆటో ఎక్కించి పంపి, సారు కారు దగ్గర నిలబడ్డారు. ఆ సాయంత్రమే పెద్దబ్బాయి స్క్రాపు బేరం మాట్లాడాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను. ఎనభై దాటిన తల్లిదండ్రులు బ్రిడ్జి మీద ఇరుక్కుపోతే ఏ కొడుకైనా అదే చేస్తాడు. స్క్రాపు వాళ్లు సోమవారం వస్తారనగా, శుక్రవారం సారు నాకు ఫోన్ చేశారు. ‘ఏరా, నువ్వు ట్రాన్స్‌ఫార్మర్లు చూసేవాడివి కదా. ఆదివారం ఖాళీయా?’

సారు అడిగిన దాంట్లోనే సగం జవాబు ఉంది. ఇగ్నిషన్ కాయిల్ కూడా ట్రాన్స్‌ఫార్మర్ జాతిదే. 1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనుప ఉంగరానికి రెండు పక్కలా రెండు తీగచుట్టలు చుట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ కలిపినప్పుడు రెండో చుట్టకున్న సూది ఒకసారి కదిలింది, తీసినప్పుడు ఇంకోసారి కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా పోతున్నంతసేపూ సూది ఉలకలేదు, పలకలేదు. సారు మాకు పదో తరగతిలో దీన్ని ఎలా చెప్పారో ఇంకా గుర్తుంది. ‘కరెంటు ఉన్నప్పుడు కాదురా, పోయినప్పుడు చూడు!’

కారులో జరిగేది అదే. కాయిల్ డబ్బాలో ఒకే ఇనుప గుండె మీద రెండు చుట్టలుంటాయి. లావు తీగతో కొన్ని వందల చుట్లు, వెంట్రుకలాంటి సన్న తీగతో వేల చుట్లు. తాళం తిప్పితే లావు తీగలోంచి బ్యాటరీ కరెంటు పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తెరుచుకోగానే అది టక్కున తెగిపోతుంది. పరుగెత్తే నల్లా నీటిని ఒక్కసారిగా కట్టేస్తే గోడలో పైపు ధన్‌మని కొట్టుకుంటుంది చూడండి, అలాంటి దెబ్బ. ఆ దెబ్బకు సన్న తీగలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వై దూకుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద రవ్వలు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ ఈ పద్ధతిని 1910 మోడల్ కాడిలాక్ కార్లకు అమర్చాడు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలపాటు ప్రపంచంలోని పెట్రోలు కార్లు చాలావరకు దీని మీదే నడిచాయి, మన అంబాసిడర్ కూడా.

ఇందులో ఒక చిన్న పాత్రధారి ఉన్నాడు, కండెన్సర్. చిటికెన వేలంత ఉంటుంది, పాయింట్ల పక్కనే కూర్చుంటుంది. పాయింట్లు తెరుచుకునేటప్పుడు కరెంటు అక్కడే గాలిలో దూకిపోకుండా తనలోకి తీసుకుంటుంది. అది లేకపోతే కరెంటు టక్కున తెగదు, సాగుతూ తెగుతుంది. రవ్వ బలహీనమవుతుంది, పాయింట్లు మాడుతాయి. వీడిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఆదివారం వెళ్లి నేను చేసిన మొదటి పని, ఏమీ విప్పకపోవడం. కారు ఎలా ఆగుతుందో నా కళ్లతో చూడాలన్నాను. సారు, నేను కోఠీ వైపు రెండు రౌండ్లు కొట్టాం. ఇరవై మూడో నిమిషంలో ఆగింది. వేసవిలో ఇలా ఆగే బండికి అనుమానితులు ముగ్గురు: కాయిల్, కండెన్సర్, పెట్రోలు. ఏసీ పంపు దగ్గర పెట్రోలు వేడికి ఆవిరైపోయినా ఇవే లక్షణాలు, అందుకే పాత డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేసేవారు. ముగ్గురిలో ఎవరో తేల్చడానికి అవకాశం కారు ఆగిన ఆ రెండు నిమిషాలే. చల్లారితే ముగ్గురూ మంచివాళ్లయిపోతారు.

అందుకని వెంటనే డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్య నుంచి కాయిల్ వైరు లాగి, దాని చివర ఒక మంచి ప్లగ్గు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకు ఆనించి పెట్టాం. చుట్టుపక్కల పెట్రోలు కారడం లేదని ముందే చూసుకున్నాం. వైరును చేత్తో పట్టుకోలేదు. సారు సెల్ఫ్ కొట్టారు. రవ్వ నీలంగా, చిటపటమని దూకితే ఇగ్నిషన్ నిర్దోషి, పెట్రోలు వైపు చూడాలి. మాకు వచ్చింది పసుప్పచ్చగా, నీరసంగా, రెండుసార్లకు ఒకసారి. అంటే పెట్రోలును వదిలేయవచ్చు. మూత తీసి చూస్తే పాయింట్ల దగ్గర మాత్రం దీపావళి. అంత మెరుపు అక్కడ ఉండకూడదు.

అప్పుడు మీటరు తీశాను. పెద్ద మీటరేమీ కాదు, కుర్రాళ్లు ప్రాజెక్టులకు కొనే రకమే. తాళం ఆన్ చేసి, పాయింట్లు మూసుకుని ఉండగా, కాయిల్‌కు స్విచ్ వైపు నుంచి కరెంటు వచ్చే కొన దగ్గర 12 వోల్టులున్నాయి. పాయింట్ల వైపు కొన దగ్గర దాదాపు సున్నా. అంటే తాళం, వైర్లు బాగానే ఉన్నాయి. ఈ పరీక్ష చకచకా ముగించాలి. ఇంజిన్ ఆగి, పాయింట్లు మూసి, తాళం ఆన్‌లో ఉంటే కాయిల్ ఇస్త్రీపెట్టెలా కాగుతూనే ఉంటుంది. పాటలు వినడానికి తాళం తిప్పి కూర్చునే అలవాటున్న వాళ్లు ఇది వినాలి.

తర్వాత వైర్లన్నీ ఊడదీసి నిరోధం కొలిచాం. ముందు మీటరు రెండు కడ్డీలను ఒకదానికొకటి తాకించి చూడాలి. మాకు 0.3 ఓమ్‌లు చూపించింది, అది మీటరు తీగల సొంత నిరోధం. కాయిల్ రెండు చిన్న కొనల మధ్య పెడితే 1.8. అందులోంచి 0.3 తీసేస్తే 1.5.

సారు అప్పటిదాకా గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ‘పన్నెండును ఒకటిన్నరతో భాగించు’ అన్నారు. ఎనిమిది. ఎనిమిది ఆంపియర్లు. ఆ పాయింట్లు మోయాల్సింది దాదాపు నాలుగు.

అసలు కథ ఇక్కడుంది. బజారులో ‘12 వోల్టుల కాయిల్’ అని దొరికేవన్నీ ఒకటి కావు. ఒక రకానికి లోపలి నిరోధం సుమారు 3 ఓమ్‌లు, దాన్ని నేరుగా బ్యాటరీకి కలపవచ్చు. ఇంకో రకానికి సుమారు 1.5, దాని ముందు ఇంకో 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ రెసిస్టర్ తప్పనిసరి. ఆ రెండో పద్ధతి కూడా మంచిదే, నిజానికి తెలివైనది. సెల్ఫ్ లాగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది, ఆ క్షణం రెసిస్టర్‌ను పక్కకు తప్పించి కాయిల్‌కు పూర్తి బలం ఇస్తారు. కాని రెసిస్టర్ లేని కారులో ఆ కాయిల్ వేస్తే కరెంటు రెట్టింపు, వేడీ రెట్టింపు. 48 వాట్ల చోట 96. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు చేసినవైతే ఒక ఓమ్‌కన్నా తక్కువవి కూడా ఉంటాయి. అన్ని పెట్టెల మీదా 12 వోల్టులనే రాస్తారు, అది అబద్ధం కాదు. ‘రెసిస్టర్‌తో వాడండి’ అన్న ముక్క మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. సారు కారులో పడ్డ మూడూ ఆ రకమే. దుకాణదారు ఏ కారుకు అని అడిగాడు, మిస్త్రీ అంబాసిడర్‌కు అన్నాడు, చేతికి అందింది ఇచ్చాడు. మోసం ఏమీ లేదు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది, అంతే.

మరి మార్చిలో ఆగిన మొదటి కాయిల్ సంగతి? సారు ఏ వస్తువూ పారేయరు, మా హోంవర్క్ పుస్తకాలు కూడా ఇంకా ఉన్నాయేమోనని నా అనుమానం. డిక్కీలో పాత పేపరులో చుట్టి ఉంది. లూకాస్ ముద్ర, కొనల దగ్గర ఎస్‌డబ్ల్యూ, సీబీ అని అక్షరాలు. స్విచ్ వైపు ఒకటి, కాంటాక్ట్ బ్రేకర్ వైపు ఒకటి అని అర్థం. కొలిస్తే 3.1 ఓమ్‌లు. పొడుగు వైరు దూరే మూతి నుంచి చిన్న కొనకు వేలల్లో ఓమ్‌లు, సన్న తీగ తెగలేదని దాని భావం. కొన నుంచి డబ్బా ఇనుముకు అనంతం, లీకేజి లేదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటే చాలదు కదా, జబ్బు వేడికి వచ్చేది. కాయిల్‌ను పాలిథిన్ సంచీలో బిగించి మరిగించిన నీళ్లలో పెడదామన్నాను. అమ్మగారు ఇడ్లీ పాత్ర ఇవ్వనన్నారు, తుప్పుపట్టిన ఒక డబ్బా ఇచ్చారు. బాగా కాగాక మళ్లీ కొలిస్తే 3.7. రాగి పది డిగ్రీలు వేడెక్కితే నిరోధం నాలుగు శాతం దాకా పెరుగుతుంది, యాభై డిగ్రీలకు ఈ పెరుగుదల న్యాయమే. మీటరుకు కనిపించని జబ్బు ఒకటుంది. వేల వోల్టులు పుట్టినప్పుడు మాత్రమే లోపలి పూత తెగి కరెంటు దారి తప్పడం. దానికి మందు అదే కారులో అదే కాయిల్ తగిలించి నడిపి చూడడమే.

దానికన్నా ముందు, కారు ఆగిన వేడిలోనే విప్పి పక్కన పెట్టిన కండెన్సర్‌ను కొలిచాను. సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉండాలి. 0.02 చూపించింది. అరగంట చల్లారాక కొలిస్తే 0.2! దొంగ దొరికాడు. మార్చిలో కారును ఆపింది వీడు. మూడుసార్లు శిక్ష పడింది కాయిల్‌కు. ఆ తర్వాత వచ్చిన కాయిళ్లు తమ వంతు నేరం తాము చేశాయి, అది వేరే విషయం.

మిస్త్రీని పిలిచి చూపించాం. డెబ్బై దగ్గరపడ్డ ఉస్తాద్ ఆయన. కండెన్సర్ ఎందుకు మార్చలేదని అడిగితే, ‘ఇప్పుడొచ్చే కొత్తవి వారం రోజులు ఉండవు సాబ్, కంపెనీదే మంచిదని ఉంచిన’ అన్నాడు. ఆ మాటలో నిజముంది. కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువన్నది నా అనుభవం కూడా. కాయిల్ మీద చెయ్యి పెట్టి చూసే ఆయన పద్ధతిని కూడా నేను తక్కువ చేయను. సరైన కాయిల్ వేడెక్కుతుంది గాని చెయ్యి కాసేపు ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేకపోతే ఏదో తేడా ఉన్నట్టే. చెయ్యి తేడా ఉందని చెప్తుంది, ఆ తేడా ఎక్కడ మొదలైందో చెప్పదు.

కొత్త కండెన్సర్, కొత్త పాయింట్లు, పాత లూకాస్ కాయిల్‌తో ఆ సాయంత్రం గంటసేపు తిరిగాం. ఎక్కడా ఆగలేదు. అయినా ఆ పాత కాయిల్‌ను శాశ్వతంగా ఉంచలేదు. దాని మూతి లోపల సన్నని నల్లటి గీత ఉంది, రవ్వ పక్కదారిన పాకిన జాడ. ఎండలో ఏమీ కాదు, వాన తేమలో అదే దారిన మళ్లీ పాకుతుంది. తుడిచి డిక్కీలో అత్యవసరానికి పెట్టాం.

అలా సోమవారం పొద్దున స్క్రాపు వాళ్లకు రావద్దని చెప్పి, సారు, నేను, ఉస్తాద్ అఫ్జల్‌గంజ్ దుకాణాల్లో దిగాం, చేతిలో మీటరుతో. మొదటి దుకాణంలో ‘కొలిచి కొంటాం’ అంటే, ‘ఇది బంగారం దుకాణం కాదండీ’ అన్నాడు. రెండోచోట అంతా ఒకటిన్నర రకమే. మూడో దుకాణంలో పెద్దాయన ఐదు పెట్టెలు బల్ల మీద పరిచి, ‘చూస్కోండి’ అన్నాడు. రెండు 1.5, మూడు 3 పైన. అతనికే ఆశ్చర్యం, అన్నీ ఒకే అరలో ఉన్నవే. మా ముందరే పెన్నుతో పెట్టెల మీద అంకెలు వేసుకున్నాడు. మొన్న ఇంకో పని మీద వెళ్తే దుకాణంలో తాడుకు ఒక మీటరు వేలాడుతోంది.

బిగించడం పెద్ద పని కాదు. ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. పాత కాయిల్ విప్పకముందే ఏ వైరు ఏ కొనకు ఉందో ఫోన్‌తో ఒక ఫొటో. బ్యాటరీలో ఏ కొనను బాడీకి కలిపారో చూసుకోవాలి, పాత ఇంగ్లిషు తరహా కార్లలో కొన్నింటికి పాజిటివ్ బాడీకి ఉంటుంది. నెగటివ్ బాడీకి ఉంటే కాయిల్ మైనస్ కొన డిస్ట్రిబ్యూటర్‌కు, ప్లస్ కొన స్విచ్‌కు. పాజిటివ్ బాడీ అయితే తిరగేయాలి. తారుమారైనా కారు నడుస్తుంది, అదే చిక్కు. ప్లగ్గు నడిమి మొన నుంచి దూకాల్సిన రవ్వ ఎదురు దిక్కున దూకుతుంది, దానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అలా కాయిల్ రోజూ బరువు మోస్తూ ముందే అలసిపోతుంది. కాయిల్ పట్టీ గట్టిగా బిగించాలి, డబ్బా నొక్కుకుపోయేంత కాదు. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు. ఉస్తాద్ విజిటింగ్ కార్డు పెట్టి చూస్తాడు, నా ఓటు ఫీలర్ గేజికే. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కార్లకు సామాను ఇక కొత్తగా పెరగదు. మన అఫ్జల్‌గంజ్ అరల్లో ఉన్నది ఉన్నంతే. అందులోంచి మంచి కాయిల్‌ను అనుమానం మీద తీసి జుమ్మేరాత్ బజారు పాలు చేసిన ప్రతిసారీ ఒక కారుకు దారి తగ్గుతుంది.

ఆ మూడు కాయిళ్లలో రెండింటిని సారు మన బడి ప్రయోగశాలకు ఇచ్చారు, పాత కండెన్సర్‌తో సహా. పదో తరగతి పిల్లలు చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలిచి రికార్డులో రాస్తున్నారని సైన్సు మేడం చెప్పారు. మూడోదాన్ని నేను అడ్డంగా కోయించి తెచ్చాను, అదిగో ఆ బల్ల మీద ఉంది. లోపలి నూనె తీసేశాను, ముట్టుకోవచ్చు.

కారు బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక బానెట్ ఎత్తి రవ్వ చూపిస్తాను. గడియారాలు, ఉంగరాలు తీసి రండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు దయచేసి దూరంగా కుర్చీల్లోంచే చూడండి. ఎవరైనా సొంత మీటరు తెచ్చుకుంటే ఇంకా మంచిది. సెల్ఫ్ కొట్టేది మాత్రం సారే, ఆ తాళం ఆయన ఎవరికీ ఇవ్వరు.